నక్షత్రాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్లు: టెలిస్కోప్ గైడింగ్ వెనక 170 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చెడిపోయిన ఫొటోతో మొదలుపెడుతున్నా. వీడియో చూడకుండా ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం అందులో ఏముందో చెప్తా. మధ్యలో ఒరాయన్ నెబ్యులా ఉంది. మా అమ్మమ్మ గొల్లకావిడి అని చూపించే మూడు చుక్కలున్నాయి కదా, వాటికి కాస్త కింద ఉండే మబ్బు లాంటి వెలుగు అదే. రంగు బాగానే వచ్చింది. కానీ చుట్టూ ఉన్న నక్షత్రాలు చూడండి. చుక్కల్లా లేవు, బియ్యపు గింజల్లా సాగిపోయాయి. ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇది. ఇలాంటివి ఆ రాత్రి ముప్పై తీశాను. ముప్పై డిలీట్ చేశాను.

పోయిన జనవరి సంగతి. మా మేనమామ వాళ్ల ఊరు నంద్యాల జిల్లాలో, నల్లమలకి దగ్గర. హైదరాబాద్‌లో నా బాల్కనీ నుంచి కనిపించే చుక్కలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ మిద్దె ఎక్కితే లెక్క తప్పిపోతాం. అందుకని బోనస్ డబ్బుకి తోడు ఈఎంఐ పెట్టుకుని కొన్న మౌంట్‌ని కారు డిక్కీలో వేసుకుని, మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. మౌంట్ అంటే టెలిస్కోప్‌ని మోస్తూ, నక్షత్రాల వెంట మెల్లగా తిప్పే మోటార్ల యంత్రం. మూడు రాత్రులూ ఇదే కథ. ల్యాప్‌టాప్‌లో గైడింగ్ గ్రాఫ్ రంపం పళ్లలా పైకీ కిందకీ కొట్టుకుంటోంది. నేను సెట్టింగ్స్ మారుస్తున్నా, మళ్లీ మారుస్తున్నా. మూడో రాత్రి రెండింటికి మావయ్య మిద్దె మీదికొచ్చి, "ఏమిరా అల్లుడా, చుక్కలు దొరికినాయా?" అన్నాడు. దొరకలేదు మావయ్యా అన్నాను. కాసేపు ఆ గ్రాఫ్ వైపు చూసి, "నువ్వే దాన్ని ఊరికే పొడుస్తాండావేమో, కొంచేపు అట్ల వదిలేసి చూడు" అన్నాడు.

ఆయనకి గైడింగ్ అంటే ఏంటో తెలీదు. అయినా ఆ రాత్రి నాకు దొరికిన సరైన సలహా అదొక్కటే. నేను మాత్రం వినలేదు. హైదరాబాద్ తిరిగొచ్చి మౌంట్‌ని సెకండ్ హ్యాండ్‌లో అమ్మేద్దామని ఫొటోలు కూడా తీశాను. ఆ ప్రకటన పెట్టే ముందు, అసలు కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ పని ఎలా చేసేవాళ్లా అని వెతకడం మొదలుపెట్టాను. అక్కడ దొరికిన కథే ఈ ఎపిసోడ్. చివర్లో అది మన బేగంపేటకి వస్తుంది, నా ల్యాప్‌టాప్ లోపలికి కూడా వస్తుంది.

అసలు సమస్య ఏంటి

ముందు ఒక్క లెక్క. భూమి తిరగడం వల్ల ఆకాశం మనకి సెకనుకి దాదాపు 15 ఆర్క్ సెకన్లు కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. నిండు చంద్రుడి వెడల్పు దాదాపు 1800 ఆర్క్ సెకన్లు. అంటే టెలిస్కోప్‌ని కదపకుండా పెడితే రెండు నిమిషాల్లో చంద్రుడు తన వెడల్పంత దూరం జరిగిపోతాడు. నా టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 400 మిల్లీమీటర్లు, నా కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో సుమారు రెండు ఆర్క్ సెకన్లు. సో మౌంట్ ఆగిపోతే ఒక్క సెకనులో నక్షత్రం ఏడెనిమిది పిక్సెల్స్ దాటేస్తుంది. ఐదు నిమిషాల పాటు దాన్ని ఒకే పిక్సెల్ మీద కూర్చోబెట్టాలి. పని ఇంతే. వినడానికి తేలిక.

టెలిస్కోప్‌ని ఆకాశంతో పాటు తిప్పే యంత్రం ఫొటోగ్రఫీ కంటే ముందే వచ్చింది. 1824లో జర్మనీకి చెందిన జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ దోర్పాట్ అబ్జర్వేటరీకి ఒక పెద్ద టెలిస్కోప్ చేసి పంపాడు. దోర్పాట్ అంటే ఇప్పటి ఎస్టోనియాలోని తార్తు. ఒక ఇరుసుని భూమి ఇరుసుకి సమాంతరంగా ఒంచి పెట్టి, కిందకి దిగే బరువుతో నడిచే గడియారం లాంటి యంత్రంతో దాన్ని తిప్పాడు. నా మౌంట్, మీరు ఆన్‌లైన్‌లో చూసే చాలా మౌంట్లు ఇప్పటికీ అదే డిజైన్. దాన్ని జర్మన్ ఈక్వటోరియల్ అంటారు. బరువు ప్లేస్‌లో మోటార్ వచ్చింది, అంతే తేడా.

కంటితో చూసేవాళ్లకి ఆ యంత్రం చాలు. నక్షత్రం కొంచెం అటూ ఇటూ ఊగినా కన్ను సర్దుకుంటుంది. ఫొటో ప్లేటు అలా సర్దుకోదు. పడిన ప్రతి వెలుగునీ పడిన చోటే రాసుకుంటుంది. 1850 జులైలో హార్వర్డ్‌లో విలియం బాండ్, ఫొటోగ్రాఫర్ జాన్ విపుల్ కలిసి 15 అంగుళాల టెలిస్కోప్‌తో వేగా నక్షత్రాన్ని ఫొటో తీశారు. మనం అభిజిత్ అంటాం కదా, అదే. సూర్యుడు కాకుండా ఒక నక్షత్రం ఫొటోకి చిక్కడం అదే మొదలు. కానీ ఆ టెలిస్కోప్ డ్రైవ్ కుదుపులతో నడిచేది. మెరుగైన డ్రైవ్ వచ్చాక, 1857లో గానీ అక్కడ ఆ పని మళ్లీ గట్టిగా సాగలేదు.

ఇంగ్లండ్‌లో వారెన్ డి లా రూ పరిస్థితి ఇంకా విచిత్రం. 1850ల మొదట్లో ఆయన దగ్గర 13 అంగుళాల అద్దం ఉంది కానీ దాన్ని తిప్పే యంత్రం లేదు. చంద్రుడి ఫొటో తీయాలి. ఎక్స్‌పోజర్ సాగినంత సేపూ చంద్రుణ్ని చేత్తోనే వెంబడించాడు. కొన్ని ఫొటోలు వచ్చాయి కూడా. తర్వాత ఇది అయ్యే పని కాదని ఆపేసి, 1857లో డ్రైవ్ బిగించుకున్నాకే మళ్లీ మొదలుపెట్టాడు. చేత్తో సాధించలేక చాలించుకున్న మొదటివాణ్ని నేను కాదన్నమాట. చదువుతుంటే కొంచెం ధైర్యం వచ్చింది.

నాష్‌విల్‌లో తొమ్మిదేళ్ల పిల్లాడు

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. అమెరికాలో నాష్‌విల్ అనే ఊరు, 1860ల మధ్యలో. అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ అనే పిల్లాడికి తొమ్మిదేళ్లు. తండ్రి లేడు, ఇంట్లో తిండికే కష్టం. తల్లి ఆ పిల్లాణ్ని ఒక ఫొటో స్టూడియోలో పనికి పెట్టింది. ఆ రోజుల్లో ఫొటోని పెద్దది చేయాలంటే కరెంటు దీపాలు లేవు, ఎండే దిక్కు. స్టూడియో మేడ మీద ఒక పెద్ద ఎన్‌లార్జర్ ఉండేది. దాని పేరు జూపిటర్. సూర్యుడు జరుగుతుంటే ఆ యంత్రాన్ని కూడా చక్రాలు తిప్పుతూ సూర్యుడి వైపే పెట్టి ఉంచాలి. ఈ పనికి పెట్టిన పిల్లలు విసుగుతో నిద్రపోయేవాళ్లట. బర్నార్డ్ నిద్రపోలేదు. ఎండలో నిలబడి రోజంతా సూర్యుణ్ని వెంబడించాడు.

అంటే మనిషి తొమ్మిదేళ్లకే గైడింగ్ ఉద్యోగంలో చేరాడు. పాతికేళ్ల లోపే అదే బర్నార్డ్ కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో ఉన్నాడు. 1889లో అక్కడ ఒక పాత పోర్ట్రెయిట్ లెన్స్‌తో పాలపుంత ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. మనుషుల ముఖాలు తీయడానికి స్టూడియోలు వాడే రకం లెన్స్ అది. తర్వాత 1905లో మౌంట్ విల్సన్ మీద, బ్రూస్ టెలిస్కోప్ అనే 10 అంగుళాల కెమెరాతో తీశాడు. దాని పక్కన 5 అంగుళాల గైడ్ టెలిస్కోప్ బిగించి ఉండేది. అందులో సన్నని దారాలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. ఆ రెండూ కలిసే చోట ఒక నక్షత్రాన్ని పెట్టి, గంటల తరబడి కన్ను తీయకుండా చూస్తూ, అది పక్కకి జరగగానే స్లో మోషన్ పిడితో వెనక్కి తేవాలి. పాలపుంతలో నల్లటి ఖాళీల్లా కనిపించేవి ధూళి మేఘాలని నమ్మకం కలిగించడంలో ఆ ఫొటోల పాత్ర పెద్దది. ఆయన చనిపోయాక 1927లో అవి అట్లాస్‌గా వచ్చాయి. బర్నార్డ్ 33 అని మనం ఇప్పుడు తీసే గుర్రపు తల నెబ్యులా ఉంది కదా, అందులో పేరు ఈయనదే.

ఒరాయన్ కోసం పోటీ

నా బియ్యపు గింజల ఫొటోలో ఉన్న అదే ఒరాయన్ నెబ్యులాని మొదట ఫొటో తీసింది న్యూయార్క్ డాక్టర్ హెన్రీ డ్రేపర్. 1880 సెప్టెంబర్ 30న, 51 నిమిషాల ఎక్స్‌పోజర్. 1882 మార్చిలో దాన్ని 137 నిమిషాలకి పెంచాడు. రెండు గంటలకు పైగా! అదే ఏడాది నవంబర్‌లో చనిపోయాడు. 1883 జనవరిలో ఇంగ్లండ్‌లో ఆండ్రూ కామన్ 36 అంగుళాల అద్దంతో ఇంకా మంచి ఫొటో తీశాడు. కంటికి ఎప్పుడూ కనపడని నక్షత్రాలు అందులో పడ్డాయి. కామన్ వృత్తి శానిటరీ ఇంజినీరింగ్, ఆస్ట్రానమీ ఇంటి వెనక పెరట్లో. మనలాగే పగలు ఒక పని, రాత్రి ఇంకో పని.

1888 డిసెంబర్ 29న ఐజాక్ రాబర్ట్స్ ఆండ్రోమెడాని తీశాడు, దాదాపు నాలుగు గంటలు. ఈయనది కట్టడాల వ్యాపారం. 20 అంగుళాల అద్దంతో ఫొటో, అదే మౌంట్ మీద ఉన్న 7 అంగుళాల టెలిస్కోప్‌తో గైడింగ్. ఆండ్రోమెడాకి సుడి ఆకారం ఉందని కనిపించింది ఆ ఫొటోలోనే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గైడ్ టెలిస్కోప్‌లో నక్షత్రం దారాల మధ్య కదలకుండా కూర్చున్నా, ఫొటోలో మాత్రం గీతలు పడొచ్చు. కారణం ఏంటంటే రెండూ వేర్వేరు గొట్టాలు. రాత్రి గడిచేకొద్దీ టెలిస్కోప్ వాలు మారుతుంది, బరువుకి ఒక గొట్టం ఒకలా, ఇంకోటి ఇంకోలా వంగుతుంది. నువ్వు చూస్తున్న నక్షత్రం, ప్లేటు చూస్తున్న నక్షత్రం మెల్లగా విడిపోతాయి. దీనికి కామన్ ఒక మార్గం చూపించాడు. ప్లేటు పక్కనే, అదే అద్దం నుంచి వచ్చే వెలుగులో ఒక ఐపీస్ పెట్టి, టెలిస్కోప్‌ని కదపకుండా ప్లేటునే రెండు దిక్కుల్లో సన్నగా జరిపే ఏర్పాటు. తర్వాత జార్జ్ రిచీ అమెరికాలో దీన్ని చాలా మెరుగ్గా వాడాడు. ఈ రోజు ఆఫ్ యాక్సిస్ గైడర్ అని ఆన్‌లైన్‌లో కొంటున్నాం చూడండి, ఆలోచన అదే.

ఇంకొకటి. 1882లో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు దక్షిణాఫ్రికాలోని కేప్ అబ్జర్వేటరీలో డేవిడ్ గిల్ ఒక ఊరి ఫొటోగ్రాఫర్ కెమెరాని టెలిస్కోప్‌కి కట్టించి, తోకచుక్క తలని గైడ్ చేస్తూ ఫొటోలు తీయించాడు. తోకచుక్క బాగానే వచ్చింది. వెనక లెక్కలేనన్ని నక్షత్రాలు కూడా వచ్చాయి. గిల్ వాటిని చూసి, ఆకాశం మొత్తాన్ని ఇలాగే మ్యాప్ చేయొచ్చు కదా అనుకున్నాడు.

బేగంపేట

1887లో పారిస్‌లో మీటింగ్ పెట్టారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ ఒక్కో అబ్జర్వేటరీకి పంచారు. ఒక భాగం అన్ని నక్షత్రాల స్థానాలు కొలిచే క్యాటలాగ్, ఇంకో భాగం ఆకాశం చార్ట్. పేరు కార్త్ ద్యు సియెల్. టెలిస్కోపుల్లో ఫొటో లెన్స్, గైడ్ లెన్స్ పక్కపక్కనే. గైడింగ్ మాత్రం మనిషిదే. క్యాటలాగ్ ప్లేట్లకి కొన్ని నిమిషాలు చాలు. చార్ట్ ప్లేటుకైతే ఒక్కో దాని మీద మూడు సార్లు, అరగంట దాకా. ఇలా వేల ప్లేట్లు. చార్ట్ ఎప్పటికీ పూర్తి కాలేదు. క్యాటలాగ్‌కి కూడా కొన్ని దేశాలు తీసుకున్న పట్టీని పూర్తి చేయలేక వదిలేశాయి.

ఇప్పుడు హైదరాబాద్‌కి రండి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే పాయిగా ఉమ్రావు ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ తెప్పించి, నిజాం అనుమతితో ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ మొదలుపెట్టాడు. 1907లో ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, తర్వాత బేగంపేటకి మార్చింది. అక్కడ ఇంకో టెలిస్కోప్ ఉంది. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, అంటే నక్షత్రాల ఫొటోలు తీయడానికే చేసినది. చిలీలోని శాంటియాగో పూర్తి చేయలేని పట్టీ, ఆకాశంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్నది, హైదరాబాద్ తీసుకుంది. 1914లో రాబర్ట్ పోకాక్ డైరెక్టర్‌గా పని ఊపందుకుంది. 1918లో ఆయన పోయాక టి.పి. భాస్కరన్ వచ్చారు. మన దేశం నుంచి అక్కడ మొదటి డైరెక్టర్ ఆయనే. ఆ పట్టీ పూర్తయ్యాక ఇంకోటి తీసుకున్నారు: ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీలు. ఇది జర్మనీలోని పోట్స్‌డామ్‌కి ఇచ్చిన పట్టీలో భాగం.

ఒక్కసారి ఊహించుకోండి. బేగంపేటలో ఫ్లైఓవర్ లేదు, మెట్రో లేదు. డోమ్ తెరిచి ఉంది. ఒకాయన ఐపీస్ దగ్గర కూర్చుని ఒక నక్షత్రాన్ని దారాల మధ్య పట్టుకుని ఉన్నాడు. పొద్దున ఆ గాజు ప్లేటుని కడిగి, ఆరబెట్టి, గళ్లు గళ్లుగా కొలిచి, ఒక్కో చుక్క స్థానాన్ని అంకెల్లో రాస్తారు. అలా లక్షల నక్షత్రాలు. డైరెక్టర్ల పేర్లు మనకి తెలుసు. ఐపీస్ దగ్గర కూర్చున్నవాళ్లలో, కొలిచినవాళ్లలో చాలామంది పేర్లు నాలాంటి వాడు వెతికితే దొరకవు. ఆ ఆవరణలోనే ఇప్పుడు సెంటర్ ఫర్ ఎకనమిక్ అండ్ సోషల్ స్టడీస్ ఉంది. పాత డోమ్ శిథిలంగా మిగిలింది. ఆ రోడ్డు మీద నేను కొన్నేళ్లు ఆఫీస్ క్యాబ్‌లో తిరిగాను. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు.

కన్ను పోయి కెమెరా వచ్చింది

మనిషిని ఐపీస్ దగ్గర నుంచి లేపే ప్రయత్నం 1930ల్లో మొదలైంది. 1937లో ఆల్బర్ట్ విట్‌ఫర్డ్, జెరాల్డ్ క్రాన్ ఫొటోసెల్‌తో గైడ్ చేయడం చూపించారు. నక్షత్రం వెలుగుని రెండుగా చీల్చి, ఏ పక్క ఎక్కువైతే దానికి తగ్గట్టు టెలిస్కోప్‌ని జరపడం. 1948లో మౌంట్ విల్సన్‌లో హోరెస్ బాబ్‌కాక్ ఇలాంటిదే ఇంకోటి చేశాడు. అయినా అదే ఏడాది ప్రారంభమైన పాలోమార్ 200 అంగుళాల టెలిస్కోప్‌లో, గొట్టం పైచివర ఒక పంజరం లాంటి గదిలో మనిషి కూర్చునేవాడు. చలికి తట్టుకోవడానికి కరెంటుతో వేడెక్కే సూట్ వేసుకుని రాత్రంతా గైడ్ చేసేవాడు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో సీసీడీ పుట్టాక అంతా మారింది. 1990 ప్రాంతంలో ఎస్‌బిగ్ కంపెనీ ఎస్‌టీ-4 అనే చిన్న ఆటోగైడర్ అమెచ్యూర్ల చేతికిచ్చింది. మౌంట్ వెనక ఉండే గైడ్ పోర్ట్‌ని ఇప్పటికీ ఎస్‌టీ-4 అనే పిలుస్తాం. 2000ల్లో క్రెయిగ్ స్టార్క్ పీహెచ్‌డీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాశాడు. దాని పూర్తి పేరుకి తెలుగు అర్థం దాదాపు "ఇక్కడ నొక్కవోయ్ మొద్దూ" అని! బటన్ నొక్కితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది అనే ధీమా. ఇప్పుడు దాని కొనసాగింపు, పీహెచ్‌డీ2, ఓపెన్ సోర్స్‌గా ప్రపంచమంతా వాడుతోంది. నేనూ అదే వాడుతున్నా.

నేను చేసిన తప్పు ఆ బటన్ దగ్గరే ఉంది. నొక్కితే చాలు అనుకున్నా. బర్నార్డ్ లాంటి వాళ్లకి గంటలు గంటలు చూడ్డం వల్ల ఏ కదలిక ఎక్కణ్నుంచి వస్తోందో తెలిసిపోయేది. నక్షత్రం గాలికి వణికితే చెయ్యి కదపరు. మెల్లగా ఒక పక్కకి జారితే అప్పుడు పిడి తిప్పుతారు. సాఫ్ట్‌వేర్ చూసే పని తీసుకుంది కానీ, ఏది గాలి, ఏది గేరు అని నేను దానికి చెప్పలేదు. చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా.

మళ్లీ మిద్దె మీదికి

ప్రకటన పెట్టలేదు. ఫిబ్రవరి అమావాస్యకి మళ్లీ మావయ్య ఊరెళ్లాను. ఈసారి మొదట చేసిన పని: గైడింగ్ కరెక్షన్లు ఆపేసి, ఇరవై నిమిషాలు ఊరికే చూడటం. మావయ్య చెప్పిందే. పీహెచ్‌డీ2లో గైడింగ్ అసిస్టెంట్ అని ఉంటుంది, అది చేసేది కూడా ఇదే. అప్పుడు గ్రాఫ్ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒకటి, తూర్పు పడమర దిక్కులో ఒక నెమ్మదైన అల. ఎనిమిది నిమిషాలకోసారి తిరిగొస్తోంది. నా మౌంట్‌లో పెద్ద గేరుకి 180 పళ్లు. ఆకాశం ఒక చుట్టు తిరగడానికి 86,164 సెకన్లు. భాగిస్తే దాదాపు 479 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలు. వార్మ్ గేరు ఒక చుట్టు తిరిగే టైమ్ అది. దాని తయారీలో ఉన్న సన్నని వంకర ప్రతి చుట్టులో కనిపిస్తోంది. దీన్ని పీరియాడిక్ ఎర్రర్ అంటారు. ఇది మౌంట్ చెడిపోవడం కాదు, దాదాపు ప్రతి మౌంట్‌కీ ఉంటుంది. నెమ్మదిగా వస్తుంది కాబట్టి గైడింగ్ దీన్ని తేలిగ్గా సరిచేస్తుంది.

రెండు, ఉత్తర దక్షిణ దిక్కులో ఒకే వైపుకి జారుడు. ఇది పోలార్ అలైన్‌మెంట్ తప్పు. మన దగ్గర దీనికి ఒక స్థానిక కారణం ఉంది. ధ్రువ నక్షత్రం ఎత్తు మన అక్షాంశమంతే ఉంటుంది. యూరప్‌లో 50 డిగ్రీల ఎత్తులో హాయిగా కనిపిస్తుంది. మా మావయ్య ఊళ్లో సుమారు 16 డిగ్రీలే. ఆ ఎత్తులో దుమ్ము, మంచు, ఇంకా పక్కింటి వేపచెట్టు. జనవరిలో కొమ్మల సందులోంచి ఏదో చుక్కని చూసి అదే ధ్రువ నక్షత్రం అనుకుని అలైన్ చేశాను. ఈసారి డ్రిఫ్ట్ పద్ధతి వాడాను. దక్షిణాన ఖగోళ మధ్యరేఖ దగ్గర ఒక నక్షత్రాన్ని పట్టుకుని, అది ఎటు జారుతోందో చూసి, మౌంట్‌ని కుడికో ఎడమకో సన్నగా తిప్పడం. తర్వాత తూర్పున ఇంకో నక్షత్రంతో ఎత్తు సరిచేయడం. ధ్రువ నక్షత్రం కనపడాల్సిన పనే లేదు. ఈ పద్ధతిని జర్మన్లు షైనర్ పేరుతో పిలుస్తారు. యూలియస్ షైనర్ పోట్స్‌డామ్ ఆస్ట్రానమర్. అవును, బేగంపేట తర్వాత చేతికెత్తుకున్న పట్టీ మొదట ఎవరిదో, ఆ పోట్స్‌డామే.

మూడు, నన్ను ఏడిపించిన రంపం పళ్లు. కరెక్షన్లు ఆపగానే అవి చాలావరకు మాయం! అంటే వాటిని పుట్టించింది నేనే. గైడ్ ఎక్స్‌పోజర్ ఒక సెకను పెట్టాను. అంత తక్కువలో గాలి వణుకే ఎక్కువ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి వణుకుకీ మౌంట్‌ని నెడుతోంది. అది చేరేలోపు నక్షత్రం దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు మళ్లీ వెనక్కి నెట్టాలి. ఉత్తర దక్షిణ గేరులో కొంచెం వదులు కూడా ఉంది, బ్యాక్‌లాష్ అంటారు. దిక్కు మారినప్పుడల్లా ఆ వదులు దాటేదాకా మౌంట్ కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఎక్స్‌పోజర్ మూడు సెకన్లు చేశాను, అగ్రెసివ్‌నెస్ తగ్గించాను, చిన్న కదలికల్ని పట్టించుకోవద్దని మినిమమ్ మూవ్ పెంచాను. మిగిలిన జారుడు ఒకే వైపుకి ఉంది కాబట్టి, ఆ అక్షంలో ఒక దిక్కులోనే కరెక్షన్ ఇమ్మని పెట్టాను. దిక్కు మారదు, వదులు అడ్డురాదు.

నాలుగు, అప్పుడప్పుడూ వచ్చే ఒక్క పెద్ద గెంతు. దీనికి సైన్స్ ఏం లేదు. వేలాడుతున్న యూఎస్‌బీ కేబుల్ ట్రైపాడ్ నట్టుకి తగులుకుంటోంది. ఇన్సులేషన్ టేప్ వేసి కట్టాను.

మీకు ఇలాంటి ఇబ్బంది ఉంటే వరస ఇదే: ముందు ఆపి చూడండి. నెమ్మదిగా తిరిగొచ్చే అల అయితే గేరు. ఒకే వైపు జారుడైతే అలైన్‌మెంట్. కరెక్షన్ ఆపగానే తగ్గితే మీ సెట్టింగ్స్. ఉన్నట్టుండి గెంతితే కేబులో, గాలో, వదులుగా ఉన్న స్క్రూనో. గ్రాఫ్ బాగుండి ఫొటోలో మాత్రం గీతలొస్తే, రాబర్ట్స్ కాలం నాటి చిక్కు, గైడ్ స్కోప్ వంగుతోంది. కొత్త మౌంట్ కొనే ముందు ఇవన్నీ చూడండి. నాకైతే ఖర్చయింది టేపుకే.

ఆ రాత్రి ఒరాయన్ గుండ్రటి నక్షత్రాలతో వచ్చింది. మావయ్యని లేపి చూపించాను. "ఇదేనా గొల్లకావిడి కింద ఉండేది?" అని ఫోన్ దగ్గరకి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

బేగంపేట నా ల్యాప్‌టాప్ లోపలికి వస్తుందని మొదట్లో అన్నాను కదా. నేను టెలిస్కోప్‌ని ఒక చోటికి తిప్పాక, అది సరిగ్గా ఎక్కడ చూస్తోందో తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఒక ఫొటో తీసి, అందులోని నక్షత్రాలని క్యాటలాగ్‌తో పోల్చుకుంటుంది. ప్లేట్ సాల్వింగ్ అంటారు. వెడల్పాటి ఫొటోల కోసం ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ వాడే ఇండెక్స్ ఫైల్స్‌లో ఒక రకం టైకో-2 క్యాటలాగ్ నుంచి చేసినవి. 2000లో వచ్చిన ఆ క్యాటలాగ్‌లో 25 లక్షల నక్షత్రాలున్నాయి. స్థానాలు హిప్పార్కోస్ ఉపగ్రహం కొలిచింది. కానీ ఒక నక్షత్రం ఏళ్ల మీద ఎటు జరుగుతోందో తెలియాలంటే పాత స్థానం కూడా కావాలి. ఆ పాత స్థానాలు ఎక్కువగా ఎక్కణ్నుంచి తెచ్చారంటే, కార్త్ ద్యు సియెల్ క్యాటలాగ్ నుంచే. అందులో హైదరాబాద్ పట్టీలూ ఉన్నాయి.

వందేళ్ల కింద బేగంపేటలో ఎవరో ఒకాయన చలిలో కన్ను తీయకుండా ఒక నక్షత్రాన్ని దారాల మధ్య పట్టుకుని ఉంచాడు కాబట్టి ఆ ప్లేటు మీద చుక్క గుండ్రంగా పడింది. గుండ్రంగా పడింది కాబట్టి దాన్ని కొలవగలిగారు. నేను మిద్దె మీద కూర్చుని బటన్ నొక్కినప్పుడు వాడుకున్న లెక్కల్లో ఆయన రాత్రి కూడా ఉంది.

ఈసారి బేగంపేట వైపు వెళ్తే నేను ఆ డోమ్ కోసం తలెత్తి చూస్తాను. మీరూ చూడండి. మీ గైడింగ్ గ్రాఫ్ స్క్రీన్‌షాట్లు పంపండి, బాగున్నవి కాదు, ఏడిపించినవి. వచ్చే ఎపిసోడ్‌లో వాటితోనే మొదలుపెడదాం. ఉంటాను.